విల్లుకు తగిన బాణం: పొడవు, స్పైన్ గురించి బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సర్జాపుర రోడ్డు అవతల మేం ఆదివారాలు ప్రాక్టీసు చేసే మైదానంలో ఈ మధ్య తెలుగు మాటలు బాగా వినిపిస్తున్నాయి. కొందరు పిల్లల్ని చేర్చడానికి వస్తారు. కొందరు ఆఫీసు టెన్షన్ కాసేపు మర్చిపోదామని వచ్చి తామే విల్లు పట్టుకుంటారు. రెండు నెలలు తిరిగేసరికి సొంత విల్లు కొనాలనిపిస్తుంది. విల్లు గురించి పదిమందిని అడుగుతారు, వారం రోజులు ఆలోచిస్తారు. బాణాల దగ్గరికొచ్చేసరికి "ఏవో ఒక డజను ఇచ్చేయండి" అంటారు. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. తొమ్మిదేళ్లుగా రికర్వ్ (కొసలు ముందుకి వంపు తిరిగిన విల్లు) వేస్తున్నాను, ఆ ఇబ్బంది నేనూ పడ్డాను. మైదానంలో నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

స్పైన్ అంటే ఏమిటి?

బాణం షాఫ్ట్ ఎంత గట్టిదో, ఎంత మెత్తనిదో చెప్పే అంకె. 28 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను పెట్టి, సరిగ్గా మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. షాఫ్ట్ అర అంగుళం కిందికి వంగితే, అంటే 0.500 అంగుళం, అది 500 స్పైన్. పూర్తిగా అంగుళం వంగితే 1000. కాబట్టి అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తబడుతుంది. కొత్తవాళ్లలో చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు. "నాది 900, నీది 600, నాదే గట్టిది" అని పిల్లలు వాదించుకోవడం ప్రతి వారం వింటాను.

చెక్క బాణాలకు మాత్రం లెక్క వేరు. అక్కడ ఆధారాల మధ్య ఎడం 26 అంగుళాలు, బరువు 2 పౌండ్లు. 26ను వంగిన అంగుళాలతో భాగిస్తే వచ్చేది పౌండ్లలో స్పైన్. 0.65 అంగుళం వంగితే 40 పౌండ్లు. ఈ పద్ధతిలో అంకె పెరిగితే బాణం గట్టిది. అందుకే ఎవరైనా స్పైన్ అంకె చెప్తే అది ఏ రకం బాణానిదో ముందు అడగండి.

అల్యూమినియం బాణం మీద 1816 అని ఉంది. ఇదీ స్పైనేనా?

కాదు. మొదటి రెండు అంకెలు షాఫ్ట్ వ్యాసం, అంగుళంలో 64వ వంతుల్లో. చివరి రెండు గొట్టం గోడ మందం, అంగుళంలో వెయ్యోవంతుల్లో. అంటే 1816 షాఫ్ట్ వ్యాసం 18/64 అంగుళం, గోడ 0.016 అంగుళం. దాని స్పైన్ ఎంతో కంపెనీ పట్టికలో విడిగా ఉంటుంది.

బాణం తిన్నగా పోవాలి కదా, వంగడం ఎందుకు?

అందరికంటే బాగా అడిగింది ఒక ఏడో తరగతి పిల్ల. "అంకుల్, బాణానికి ఎదురుగా విల్లు అడ్డం ఉంది కదా, మరి దాన్ని దాటి మధ్యలోకి ఎలా పోతుంది?"

విల్లు మధ్యలో మనం పట్టుకునే భాగాన్ని రైజర్ అంటాం. బాణం దాని పక్కన ఆనుకుని ఉంటుంది. కుడిచేత్తో లాగేవాళ్లకైతే ఎడమ పక్కన. వేళ్ల మీంచి నారి జారేటప్పుడు తిన్నగా ముందుకు పోదు, వేళ్ల చుట్టూ దొర్లి కొంచెం పక్కకి జరుగుతుంది. వెనకనుంచి ఒక్కసారిగా అంత బలం తగలడంతో బాణం నడుము ముందు రైజర్ వైపు వంగుతుంది, మరుక్షణం బయటికి వంగుతుంది. ఇలా వంగుతూ పోయేటప్పుడే దాని తోక రైజర్‌కి తగలకుండా దాటిపోవాలి. ఆ తర్వాత నీళ్లలో చేప ఈదినట్టు అటూ ఇటూ ఊగుతూ, ఊపు తగ్గించుకుంటూ లక్ష్యం చేరుతుంది. దీన్నే ఆర్చర్స్ పారడాక్స్ అంటారు. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అనే భౌతికశాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో తీసి చూపించేదాకా లోపల జరిగేది ఇదని కళ్లారా చూసినవాళ్లు లేరు. ఇప్పుడు మీ ఫోన్‌లో స్లోమోషన్ పెట్టి చూసినా ఆ ఊగుడు కొంత తెలుస్తుంది.

ఇక గట్టిదనం సరిపోల్చడమంటే ఇంతే: ఆ ఊగుడు మీ విల్లు బలానికి తగినంత ఉండాలి. మరీ మెత్తగా ఉంటే బాణం ఎక్కువ వంగి ఒక పక్కకి పోతుంది. మరీ గట్టిగా ఉంటే వంగక రెండో పక్కకి పోతుంది, తోక రైజర్‌కి కొట్టుకుంటుంది.

నా విల్లు 30 పౌండ్లది. దానికి ఏ స్పైన్ కావాలి?

మీ విల్లు 30 పౌండ్లది అని ఎలా తెలిసింది? లింబ్ మీద, అంటే రైజర్ పైనా కిందా ఉండి వంగే రెక్క మీద, రాసుంది కాబట్టి. అసలు తేడా అక్కడే వస్తుంది.

లింబ్ మీద 68-30 అని ఉంటే, విల్లు మొత్తం పొడవు 68 అంగుళాలుగా కట్టి, 28 అంగుళాలు లాగినప్పుడు వేళ్ల మీద 30 పౌండ్ల బరువు పడుతుందని అర్థం. మీరు 28 లాగుతున్నారా? అయిదడుగుల రెండంగుళాల మనిషి 25, 26కి మించి లాగడం అరుదు. అంగుళం తగ్గితే సుమారు 2 పౌండ్లు తగ్గుతాయి. 25.5 అంగుళాలు లాగే అమ్మాయి చేతిలో ఆ 30 పౌండ్ల లింబ్ 25 పౌండ్లే. అదే లింబ్‌ను 25 అంగుళాల రైజర్‌కి బదులు 23 అంగుళాల రైజర్‌కి తగిలిస్తే దాదాపు 2 పౌండ్లు పెరుగుతాయి. ముద్రించిన అంకె కంపెనీ కొలిచింది, మీ చేతులు కొలిచింది కాదు. బాణానికి తెలిసేది మీ చేతుల లెక్క ఒక్కటే.

మరి నా అసలు బరువు ఎలా కొలవాలి?

ఎయిర్‌పోర్టుకి వెళ్లేముందు సూట్‌కేస్ తూచే కొక్కెం తూకం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. అదే చాలు. ముందు మీరు ఎంత లాగుతారో ఆ గుర్తు కావాలి. కొయ్యని పొడుగు బాణం ఒకటి తీసుకుని, మీ మామూలు పద్ధతిలో గడ్డం కిందికి పూర్తిగా లాగి నిలబడండి. పక్కనున్నవాళ్లు రైజర్ ముందు అంచుకి ఎదురుగా బాణం మీద మార్కర్‌తో గీత పెట్టాలి. ఒక్కసారి కాదు, పది నిమిషాలు వేసి ఒళ్లు వేడెక్కాక మూడుసార్లు. మూడు గీతలూ ఒకేచోట పడవు, మధ్యది తీసుకోండి. నాక్ (బాణం తోకన నారి ఇరికే ముక్క) గాడి లోపలినుంచి ఆ గీత దాకా ఉన్న దూరం సుమారుగా మీ డ్రా లెంగ్త్. పద్ధతి ప్రకారం గ్రిప్ లోతైన చోటునుంచి నారి దాకా కొలిచి 1.75 అంగుళాలు కలపాలి. రెండూ ఇంచుమించు ఒకే దగ్గరికి వస్తాయి.

తర్వాత తూకం కొక్కేన్ని నారికి తగిలించి, బాణం మీది గీత రైజర్ ముందు అంచుకి వచ్చేదాకా మెల్లగా లాగి అంకె చదవండి. కిలోల్లో వస్తే 2.2తో గుణించండి. 11.5 కిలోలంటే సుమారు 25 పౌండ్లు. లాగాక నారిని వదిలేయకండి, మెల్లగా వెనక్కి తేవాలి. బాణం లేకుండా ఉత్త నారి వదిలితే ఆ బలమంతా లింబ్‌ల మీదే పడుతుంది, లింబ్ చీలొచ్చు.

విల్లు ఇంకా కొనకపోతే చేతులు బార చాపి, ఒక మధ్యవేలి కొసనుంచి రెండో మధ్యవేలి కొస దాకా కొలిచి 2.5తో భాగించండి. 160 సెంటీమీటర్లంటే 63 అంగుళాలు, డ్రా లెంగ్త్ 25 పైచిలుకు. ఇది అంచనా మాత్రమే, దీన్ని నమ్మి బాణాలు కోయించకండి.

బాణం పొడవు ఎక్కడినుంచి ఎక్కడికి కొలుస్తారు?

నాక్‌లో నారి కూర్చునే గాడి అడుగునుంచి షాఫ్ట్ ముందు కొస వరకు. ములికి లెక్కలోకి రాదు. షాపుకి ఫోన్ చేసి "28 అంగుళాలు" అన్నప్పుడు వాళ్లు ములికితో కలిపి అనుకుంటే మీ చేతికి అంగుళం పొట్టి బాణాలు వస్తాయి. ఫోన్‌లో ఈ మాట విడమరిచి చెప్పండి.

డ్రా లెంగ్త్ 26 అయితే బాణం ఎంత పొడవుండాలి?

కొత్తవాళ్లకి 28 లేదా 28.5. రెండు మూడు అంగుళాలు అదనంగా ఉండటం వృథా కాదు. మొదటి ఏడాదిలో భుజం తిన్నగా పడటం, వీపుతో లాగడం నేర్చుకునే కొద్దీ పెద్దవాళ్లకైనా డ్రా పెరుగుతుంది. నాకు ఏడాదిన్నరలో అంగుళం పెరిగింది.

క్లిక్కర్ (పూర్తిగా లాగగానే టక్కున చప్పుడు చేసే సన్నటి రేకు) వాడే స్థాయికి వచ్చాక పొడవును క్లిక్కరే తేలుస్తుంది. పూర్తిగా లాగినప్పుడు ములికి దాని కిందనుంచి జారాలి కాబట్టి బాణం ముందు కొస, బాణాన్ని పక్కనుంచి ఆన్చే స్ప్రింగ్ గుండీ అయిన ప్లంజర్‌కి సుమారు అంగుళం ముందు ఉంటుంది. అప్పటిదాకా పొడుగు బాణమే మేలు.

పొట్టి బాణం తేలిగ్గా, వేగంగా పోతుంది కదా?

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెప్తాను. డ్రా కంటే పొట్టి బాణం ప్రమాదం. లాగేటప్పుడు ములికి రెస్ట్ (బాణాన్ని మోసే చిన్న ఆధారం) మీంచి వెనక్కి జారి, రైజర్ లోపలి వైపు పడుతుంది. ఆ స్థితిలో వేళ్లు వదిలితే బాణం విల్లు పట్టుకున్న చేతిలోకే పోవచ్చు. కార్బన్ షాఫ్ట్ అయితే చీలి పుల్లలు పుల్లలుగా కండలో దిగుతుంది. ఎవరి బాణాలైనా అరువు తీసుకునేటప్పుడు ముందు పొడవు చూడండి. పిల్లలు ఒకరి అమ్ములపొదిలోంచి ఒకరు తీసుకోవడం మా మైదానంలో పూర్తిగా ఆపించాం.

బరువుకీ ఒక కనీస హద్దుంది. విల్లు పౌండుకి బాణం 5 గ్రెయిన్లకు తగ్గకూడదన్నది కాంపౌండ్ (కప్పీలున్న) విల్లులకు సాధారణంగా పాటించే అడుగు హద్దు. చెక్క విల్లులకు 8 నుంచి 10 గ్రెయిన్లు ఉంటే మంచిది. మరీ తేలిక బాణం వేయడం ఉత్త నారి వదలడానికి దగ్గరగా ఉంటుంది. ఒక గ్రెయిన్ 0.065 గ్రాము, కాబట్టి 100 గ్రెయిన్ల ములికి ఆరున్నర గ్రాములు.

బాణం కోస్తే స్పైన్ మారుతుందా?

షాఫ్ట్ మీద ముద్రించిన అంకె మారదు, బాణం నడవడి మారుతుంది. కోసేకొద్దీ గట్టిపడుతుంది. రెండు ఆధారాల మధ్య ఒక కడ్డీ ఎంత వంగుతుందన్నది దాని పొడవు ఘనాన్ని బట్టి ఉంటుంది. 28 అంగుళాలది 29 అయితే అదే బరువుకి వంగుడు 11 శాతం పెరుగుతుంది. విల్లులోంచి వెళ్లే బాణానికి ఇదే లెక్క తు.చ. తప్పకుండా వర్తించదు కానీ, ఒక్క అంగుళంతో ఏమవుతుందిలే అనుకోకూడదని మాత్రం తెలుస్తుంది. కంపెనీల పట్టికల్లో కూడా అంగుళం పొడవు మారితే సుమారుగా 5 పౌండ్లు మారినంత ప్రభావం.

ఇవి రెండూ వేర్వేరు ప్రశ్నలుగా కనిపిస్తాయి, "పొడవెంత, స్పైన్ ఎంత" అని. నిజానికి పొడవు నిర్ణయించినప్పుడే స్పైన్‌లో సగం నిర్ణయం జరిగిపోతుంది.

పొడవు కాక ఇంకేవి మారుస్తాయి?

ములికి బరువు అన్నిటికంటే ముఖ్యం. బరువైన ములికి పెడితే బాణం మెత్తగా నడుస్తుంది, తేలికది పెడితే గట్టిగా. వెనక బరువు, అంటే లోహపు నాక్ లేదా పెద్ద ఈకలు, దీనికి వ్యతిరేకంగా కొంచెం గట్టిపరుస్తుంది. విల్లు బరువు పెంచితే అదే బాణం మెత్తన. సాగని కొత్తరకం నారి బలాన్ని ఎక్కువగా అందిస్తుంది కాబట్టి బాణం మెత్తగా నడుస్తుంది. ఎక్కువ పోగుల బరువైన నారి వేగం తగ్గిస్తుంది, బాణం గట్టిగా అనిపిస్తుంది.

చార్టు చూసినా అర్థం కావట్లేదన్నా. ఎలా చదవాలి?

ఒక వైపు విల్లు బరువు, ఇంకో వైపు బాణం పొడవు. రెండూ కలిసే గడిలో స్పైన్ లేదా ఒక గ్రూపు పేరు ఉంటుంది. రికర్వ్ వరుస, కాంపౌండ్ వరుస వేర్వేరు. అది ఏ ములికి బరువుకి వేసిన పట్టికో పైన చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. ప్రతి కంపెనీ పట్టిక దాని షాఫ్ట్‌లకే. ఒకదాని పట్టిక చూసి ఇంకోదాని బాణం కొనకండి.

ఒక అవగాహన కోసం: 28 అంగుళాల కార్బన్ బాణానికి, వేళ్ల మీద నిజంగా 20, 24 పౌండ్లు పడేవాళ్లు 1000 లేదా అంతకంటే మెత్తనిది చూస్తారు. 30 దగ్గర 800, 900. 40 దగ్గర 600, 650. ఇది పట్టికకి బదులు కాదు. షాపువాళ్లు చెప్పింది దీనికి మరీ దూరంగా ఉంటే మళ్లీ అడగడానికి.

స్పైన్ ఒక మెట్టు అటూ ఇటూ అయితే నష్టమేంటి?

నా మొదటి డజను సంగతి చెప్తాను. లింబ్ మీద 38 అని ఉంది. నా డ్రా ఎంతో ఎవరూ కొలవలేదు, నేనూ అడగలేదు. ఒక షాపులో 500 స్పైన్ ఇచ్చి, ముందూ వెనకా చూడకుండా 28కి కోసి పెట్టారు. బాణాలన్నీ ఎడమకి. వదిలిన ప్రతిసారీ రైజర్ దగ్గర "టక్" మని సన్నటి చప్పుడు. అది నా రిలీజ్ (నారి వదిలే తీరు) తప్పనుకున్నాను. నాలుగు నెలలు వేళ్లు మార్చాను, మోచెయ్యి మార్చాను, ప్లంజర్ స్ప్రింగ్‌ని ఆఖరి చుట్టు దాకా వదులు చేశాను. ఒక సాయంత్రం పక్కన వేసే ఒకాయన నా షాఫ్ట్‌ని వెలుతురుకి పట్టి చూశారు. ఈకల పక్కన, ఒకే గీతలో, నల్లటి రంగు అరిగి బూడిద రంగు తేలింది. "ఇది రైజర్‌కి రాసుకుంటోందండీ" అని తన 750 ఒకటి ఇచ్చారు. చప్పుడు లేదు. నేరుగా వెళ్లి ఎర్రటి వలయంలో దిగింది. ఆ రోజే కొక్కెం తూకంతో కొలిస్తే నా వేళ్ల మీద ఉన్నది 33.

ఆ డజను బాణాలకి అయిన డబ్బు కంటే, బాగానే ఉన్న రిలీజ్‌ని నాలుగు నెలలు చెడగొట్టుకోవడం ఎక్కువ బాధ. తగని బాణం చేసే అసలు నష్టం ఇదే. తప్పు మీదో బాణానిదో తేలదు.

మెత్తనా, గట్టిదా అని ఇంట్లో చార్టు కాకుండా మైదానంలో ఎలా తేల్చాలి?

ఈకలు లేని బాణంతో. బేర్ షాఫ్ట్ అంటాం. ఈకలున్న బాణం తప్పుగా వెళ్లినా ఈకలు దాన్ని సరిదిద్దుతాయి. ఈకలు లేనిది ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. 18 మీటర్ల నుంచి ఈకలున్నవి మూడు నాలుగు, లేనివి రెండు వేయండి. కుడిచేతివాళ్లకి, ఈకలు లేనివి ఈకలున్నవాటి గుంపుకి కుడివైపు పడితే బాణం మెత్తన, ఎడమవైపు పడితే గట్టి. గుంపుకి కింద పడితే నారి మీద నాకింగ్ పాయింట్ (నాక్ తగిలించే గుర్తు) ఎత్తుగా ఉంది, పైన పడితే తక్కువగా ఉంది. పైకిందల్ని ముందు సరిచేసి ఆ తర్వాతే పక్కల సంగతి చూడండి.

ఈ పరీక్షకి ముందు మీ గుంపు కుదురుగా ఉండాలి. ఆరు బాణాలు పళ్లెమంత జాగాలో పడనివాళ్లకి బేర్ షాఫ్ట్ చెప్పేది అర్థం కాదు. అలాంటివాళ్లని చార్టు ప్రకారం వేసుకోమని, మూడు నెలలాగి రమ్మని చెప్తాను.

తోక తగులుతోందన్న అనుమానం ఉంటే మొహానికి రాసుకునే పౌడరు ఈకల మీదా, షాఫ్ట్ వెనక భాగం మీదా అద్ది వేయండి. ఎక్కడ తుడుచుకుపోయిందో, రెస్ట్ మీద ఎక్కడ తెల్లటి మచ్చ పడిందో కనిపిస్తుంది.

పరీక్షలో గట్టి అని తేలింది. కొత్తవి కొనాలా?

ఆగండి. బరువైన ములికి పెట్టి చూడండి. ప్లంజర్ స్ప్రింగ్ కొంచెం వదులు చేయండి. సర్దుబాటు ఉన్న రైజర్ అయితే లింబ్ బోల్టులు బిగించి ఒకటి రెండు పౌండ్లు పెంచవచ్చు, మీ భుజం ఒప్పుకుంటేనే. మెత్తన అని తేలితే దీనికి తిరగేసి: తేలిక ములికి, స్ప్రింగ్ బిగుతు, బోల్టులు వదులు, అన్నీ అయ్యాకే కోత. పావు అంగుళం చొప్పున, ఒక్క బాణం మీద, కోసి వేసి చూసి మళ్లీ కోసి. కోసిన ముక్క మళ్లీ అతకదు కాబట్టి కోత ఎప్పుడూ చివరి పని. ప్లంజర్ చివరి నాలుగు మార్కులు సర్దడానికి పనికొస్తుంది, రెండు మెట్లు తప్పిన బాణాన్ని బాగుచేయదు.

ఇంట్లో హాక్‌సాతో కోయొచ్చా?

వద్దు. కార్బన్ పోగులు చీలిపోతాయి, చీలిక కంటికి కనపడకుండా లోపలికి పోతుంది. వేగంగా తిరిగే సన్నటి రాపిడి బిళ్లతో కోయాలి, మాస్క్ పెట్టుకోవాలి, ఆ పొడి పీల్చకూడదు. కోసిన కొసని అరగదీసి చదును చేసి ములికి అతికించాలి. వేడితో కరిగే జిగురు వాడేటప్పుడు మంట ములికికి చూపించాలి, షాఫ్ట్‌కి కాదు. రబ్బరు లేదా ఫోమ్ టార్గెట్‌లో దిగినప్పుడు రాపిడికి ములికి వేడెక్కి జిగురు మెత్తబడుతుంది. బాణం లాగితే ములికి లోపలే ఉండిపోతుంది.  ఏప్రిల్‌లో బాణాలు పార్క్ చేసిన కారులో వదిలేసినా ఇదే బాధ.

స్పైన్ కొలిచే పరికరం ఇంట్లో చేసుకోవచ్చా?

హాయిగా. నాది ఒక చెక్క పలక, 28 అంగుళాల ఎడంలో రెండు బేరింగులు, మధ్యలో ఎస్పీ రోడ్డులో కొన్న డయల్ గేజ్. బరువుకి నీళ్ల సీసా. వంటింటి తూకం మీద పెట్టి, తాడుతో సహా సరిగ్గా 880 గ్రాములయ్యేదాకా నీళ్లు పోశాను. షాఫ్ట్ 12.7 మిల్లీమీటర్లు వంగితే 500, 25.4 వంగితే 1000. మామూలు స్కేలుతో చూస్తే ఒక మిల్లీమీటరు పొరపాటుకి దాదాపు 40 స్పైన్ తేడా వస్తుంది, అందుకే గేజ్ కావాలి. ఇంకో సంగతి, 28 అంగుళాల కంటే పొట్టిగా కోసిన షాఫ్ట్ ఆ ఆధారాల మీద నిలవదు. కొలిచాకే కోయండి.

దీంతో అసలు లాభం ఒకే డబ్బాలోని పన్నెండూ ఒకేలా ఉన్నాయో లేదో తెలియడం. తిన్నగా ఉండటంలో తేడా 0.003 అంగుళమా 0.006నా అని కొనేవాళ్లు తల పట్టుకుంటారు. 18 మీటర్లలో వేసే మామూలు మనిషికి అది తెలియను కూడా తెలియదు. పన్నెండింటి స్పైన్, బరువు దగ్గరదగ్గరగా ఉండటమే ఎక్కువ పనికొస్తుంది.

మా అబ్బాయికి 11 ఏళ్లు. ఏం కొనాలి?

వచ్చే ఏడాది వాడి చేతులు ఇంత ఉండవు, లింబ్ కూడా మారుతుంది. కాబట్టి ఖరీదైన కార్బన్ కాదు, పొడుగ్గా ఉన్న తేలిక అల్యూమినియం లేదా మెత్తటి కార్బన్ ఆరు చాలు. కోయకుండా ఉంచండి. ఎదిగేకొద్దీ డ్రా పెరుగుతుంది, దానితో విల్లు బరువూ పెరుగుతుంది. అప్పుడు ఆ పొడుగు బాణం మెత్తనవుతుంది, పావు పావు అంగుళం కోస్తూ వెళ్లొచ్చు. ఒకే ఆరు బాణాలు ఇలా రెండేళ్లు లాగిన పిల్లలు మా దగ్గర ఉన్నారు.

కాంపౌండ్‌కి కూడా ఇదంతా ఉందా?

ఉంది కానీ తీరు వేరు. కాంపౌండ్‌లో వేళ్లకి బదులు రిలీజ్ యంత్రం వదులుతుంది, నారి పక్కకి దొర్లదు, బాణం పక్కలకి తక్కువగా ఊగుతుంది. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది ఈ విల్లుతోనే. అక్కడ 50 మీటర్లు, 80 సెంటీమీటర్ల లక్ష్యం. అదే ఊళ్లో పెరిగిన బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్, 70 మీటర్లు, 122 సెంటీమీటర్ల లక్ష్యం. ఇద్దరి ఆటా చూసి విల్లు పట్టిన పిల్లలకి ముందు ఈ తేడా చెప్పాలి. ఒకరి బాణం ఇంకొకరి విల్లుకి పనికిరాదు.

కాంపౌండ్ చార్టులో చూడాల్సింది గరిష్ఠ బరువు. 50 పౌండ్ల విల్లు 75 శాతం లెటాఫ్‌తో (లెటాఫ్ అంటే పూర్తిగా లాగాక తగ్గే బరువు) చేతిలో పన్నెండున్నర పౌండ్లే అనిపిస్తుంది, అయితే వదలగానే బాణం మీద పడేది ఆ 50 పౌండ్ల బలం.

వెదురు బాణాల సంగతేంటి?

ఇండియన్ రౌండ్ (మన దేశంలో వెదురు, చెక్క విల్లులతో జరిగే పోటీ) వేసే పిల్లలు వీటితోనే మొదలుపెడతారు. వెదురు ప్రకృతి ఇచ్చింది, ఏ రెండు కణుపులూ ఒకేలా ఉండవు. ఇరవై తీసుకుని వంగుడు కొలిచి, దగ్గరగా ఉన్న ఆరింటిని ఏరుకోవడమే పద్ధతి. ఒకే బాణాన్ని తిప్పి తిప్పి కొలిస్తే ఒక వైపు గట్టిగా తేలుతుంది. ఆ వైపు విల్లుకి ఆనేలా నాక్ పెట్టండి, ఆరింటికీ అలాగే.

ఎఫ్‌ఓసీ అని ఏదో అంటున్నారు?

బాణం బరువు మధ్యకంటే ఎంత ముందుకి ఉందో చెప్పే శాతం. బాణాన్ని వేలి మీద అడ్డంగా, ఎటూ ఒరగకుండా నిలపండి. నాక్ గాడినుంచి ఆ చోటు 17.5 అంగుళాలు, మొత్తం పొడవు 28 అనుకుందాం. సగం 14 తీసేస్తే 3.5. దాన్ని 28తో భాగిస్తే పన్నెండున్నర శాతం. రికర్వ్‌కి 10 నుంచి 16 మధ్య బాగుంటుంది. మొదటి రెండేళ్లు దీని జోలికి పోనక్కర్లేదు.

నేను ఎడమచేతివాణ్ణి. ఇందులో ఏది మారుతుంది?

కుడి ఎడమలు తిరగేసుకోండి. మీకు బేర్ షాఫ్ట్ ఎడమకి పడితే మెత్తన, కుడికి పడితే గట్టి. మిగతావన్నీ అవే. అర్జునుణ్ణి సవ్యసాచి అన్నది రెండు చేతులతోనూ వేయగలడని. మాలాంటివాళ్లకి ఒక చేతి లెక్క నిలబెట్టుకుంటే చాలు.

లింబ్ మార్చాను. పాత బాణాలు ఏం చేయను?

లింబ్ బరువు పెరిగితే పాతవి మెత్తనవుతాయి. ముందు పరీక్షించండి, ఒక్కోసారి తేలిక ములికితోనో అర అంగుళం కోతతోనో సరిపోతాయి. సరిపోకపోతే పారేయకండి. ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టి రెండు చేతులతో కొంచెం వంచి, చుట్టూ తిప్పుతూ వినండి. చిటపట వినిపించినా, గోటికి చీలిక తగిలినా విరిచి పక్కన పెట్టేయాలి. బాగున్నవాటి మీద స్పైన్, పొడవు, ములికి బరువు మార్కర్‌తో రాయండి. మా మైదానంలో నీలం పెయింట్ బకెట్ ఒకటుంది, అలా రాసిన బాణాలన్నీ అందులో వేస్తాం. కొత్తగా వచ్చే పిల్లలకి వాళ్ల కొలత తీశాక అందులోంచే వెతికి ఇస్తాం. పోయిన నెల ఆ ఏడో తరగతి పిల్లకి 900 స్పైన్, 29 అంగుళాలవి నాలుగు దొరికాయి.